‘ఆన్‌రోడ్’ ధరకు విగ్రహవాక్యం చెప్పండి

ఈసారి గోడపత్రికకు ఏమన్నా రాయమని మేడం అడిగితే మా బెంచీలో అందరూ కవితలు ఇచ్చేశారు. నా దగ్గర కవిత లేదు, ఒక కొటేషన్ ఉంది. స్కూటర్ షోరూంలో చేతికిచ్చే ఒక పేజీ కాగితం. ఆ ఒక్క పేజీ అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ప్రబంధం చదివినప్పుడు కూడా ఇంత నిఘంటువు తిరగేయలేదు. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మాది కేజీఎఫ్, ఆండర్సన్‌పేట వైపు. మా తాత ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసినవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినాక మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో జరిగిందే మా ఇంట్లోనూ జరిగింది. నిద్ర కేజీఎఫ్‌లో, పని బెంగళూరులో. మా నాయన తెల్లారకముందే లేచి రైలుకు పోతాడు, పొద్దుపోయినాక వస్తాడు. అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. కుట్టిన జాకెట్లు రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళకు ఇచ్చిరావాలి. నేను కాలేజీకి రావాలంటే బస్టాండు దాకా ఆటో. ముగ్గురికీ మూడు దారులు, మూడు ఖర్చులు. ఒక స్కూటర్ ఉంటే పొద్దున నాయనను స్టేషన్‌లో దింపొచ్చు, అమ్మ అంగళ్ళకు తిరగొచ్చు అని రెండేళ్ళుగా మాట్లాడుకుంటానే ఉన్నాం. అమ్మ చీటీ పాడితే 45 వేలు చేతికొచ్చింది. మిగతాదానికి లోను తీసుకుందామనుకున్నాం.

అది పోయిన దసరా ముందరి మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న టూవీలర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. వారం దాటితే ఆయుధపూజ. షోరూంలో జాతర మాదిరి జనం. అది మన జిల్లాలోని షోరూమే. పేరు రాయను. ఇంకో షోరూంకి పోయుంటే కథ వేరేగా ఉండేదని నేను అనుకోవడం లేదు.

లోపలికి పోయినాక మొదట గమనించింది ఒకటుంది. సేల్స్ చూసే అబ్బాయి నా వైపు తిరిగి “పాపా, ఏ కలర్ నచ్చింది?” అన్నాడు. నాయన వైపు తిరిగి “సార్, మన బడ్జెట్ ఎంత?” అన్నాడు. అమ్మ వైపు తిరిగి “అమ్మా, కూర్చోండి, కూల్‌డ్రింక్ తెప్పిస్తా” అన్నాడు. డబ్బు ఎవరిదో ఆమెకు కూల్‌డ్రింక్, బండి తోలేది ఎవరో ఆమెకు రంగు, చీటీ సంగతి సరిగ్గా తెలియని మనిషికి ధర! బుకింగ్ ఫారంలో పేరు కూడా అడక్కుండానే నాయనది రాసేశాడు. అమ్మ కూల్‌డ్రింక్ పక్కన పెట్టి, “బండి నా పేరు మీద నాయనా” అంది. ఆ అబ్బాయి నాయన మొహం చూశాడు. నాయన తల ఊపినాకే కొట్టేసి రాశాడు.

రెండోది భాష. కేజీఎఫ్ చుట్టుపక్కల అమ్మేవాళ్ళకు నాలుగు భాషలు రాకపోతే గడవదు. ఆ అబ్బాయి మాతో చక్కని తెలుగు మాట్లాడాడు. పక్కనున్న వాళ్ళతో తమిళం, వెనక వచ్చిన వాళ్ళతో కన్నడం. “అమ్మా, మీరేం యోచన చేయొద్దండి, అంతా నేను చూసుకుంటా. ఆన్‌రోడ్ 98 వేల లోపలే అయితాది” అన్నాడు. ఆ మాట తెలుగులో వచ్చింది. తర్వాత వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. దాని చివర మొత్తం 1,10,200 అని ఉంది.

మన వ్యాకరణం క్లాసులో సమాసం కనిపిస్తే మేడం వదిలిపెట్టరు కదా, విగ్రహవాక్యం చెప్పమంటారు. ‘ఆన్‌రోడ్ ధర’ కూడా అట్లాంటి సమాసమే. విడదీస్తే గానీ లోపల ఏముందో తెలియదు. నేను అదే అడిగాను: “అన్నా, దీన్ని విడదీసి చెప్పండి.” విడదీస్తే ఇట్లా వచ్చింది. ఎక్స్‌షోరూం ధర 82,000. రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ కలిపి 12,300. ఇన్సూరెన్స్ 7,900. యాక్సెసరీస్ 4,850. హ్యాండ్లింగ్ ఛార్జి 1,500. ఎక్స్‌టెండెడ్ వారంటీ 1,650.

మొదటి రెండూ మన చేతిలో లేవు. బండి ధర కంపెనీ చెప్పేది, పన్ను సర్కారుకు పోయేది. మిగతా నాలుగింటి సంగతి చూద్దాం.

ఇన్సూరెన్స్‌లో రెండు ముక్కలుంటాయి. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది థర్డ్ పార్టీ. అది చట్టం ప్రకారం తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కు దాన్ని ఒకేసారి అయిదేళ్ళకు తీసుకోవాలి. మన బండికి జరిగే నష్టానికి కట్టేది రెండో ముక్క. అది చట్టం అడిగేది కాదు గానీ, లోను ఇచ్చేవాళ్ళు మామూలుగా అడుగుతారు. అది ఏడాదికి తీసుకున్నా చాలు. అసలు సంగతేమంటే, ఈ పాలసీ షోరూంలోనే కొనాలని ఏ చట్టమూ చెప్పలేదు. బయట ఏ కంపెనీ దగ్గరైనా తీసుకోవచ్చు. మేము ఫోన్‌లో ఇంకో చోట అడిగితే అదే రకం పాలసీ 6,400 అన్నారు. ఆ కాగితం చూపించినాక షోరూం వాళ్ళూ 6,400కే ఇచ్చారు.

యాక్సెసరీస్ 4,850లో ఏమున్నాయని అడిగాను. చీర గార్డు, హెల్మెట్, వెనక పట్టుకునే పిడి, సీటు కవరు, కాళ్ళ కింద మ్యాటు. ఇక్కడ మనమంతా కొంచెం ఆగి వినాలి. చీర గార్డు అలంకారం కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 123వ నియమం ఉంది. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోను పిడి, కాళ్ళు పెట్టుకోను ఆధారం, బట్టలు చక్రంలో చిక్కకుండా వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ, ఈ మూడూ మోటార్‌సైకిల్‌కు ఉండాలని ఆ నియమం చెప్తుంది. అదే నియమాల్లో 138వది, కొత్త టూవీలర్ కొనేటప్పుడు ఐఎస్ఐ ప్రమాణం ఉన్న హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలంటుంది. చున్నీ చక్రంలో పడి కిందపడినవాళ్ళ గురించి మనలో విననివాళ్ళు లేరు. ఆడవాళ్ళ ప్రాణానికి సంబంధించిన వస్తువును నియమం బండిలో భాగం చేస్తే, కాగితం దాన్ని సీటు కవరు పక్కన కూర్చోబెట్టి వేరే ధర వేసింది.

నేను ఆ నియమాల నంబర్లు ఫోన్‌లో చూపించినప్పుడు మేనేజరు గారు “ఈ రూల్సన్నీ పుస్తకంలోవి, పాపా” అన్నారు. పుస్తకంలోవే, నిజం. మనం చదివేదీ పుస్తకాలే కదా! చివరికి చీర గార్డు, పిడి, హెల్మెట్ లెక్కలోంచి తీసేశారు. సీటు కవరు, మ్యాటు మాకు కావాలనుకున్నాం, 950 ఇచ్చాం.

హ్యాండ్లింగ్ ఛార్జి అంటే ఏమిటని అడిగితే “అది అందరికీ ఉంటాదండి” అన్నారు. అది అర్థం కాదు, అలవాటు. సర్కారుకు కట్టే రుసుము కాదు. గోడౌన్ నుంచి షోరూంకి బండి తెచ్చుకున్న ఖర్చు అమ్మేవాడి వ్యాపారంలో భాగం. అదీ పోయింది. వారంటీ పొడిగింపు మంచిదే కావచ్చు, కానీ అడిగి కొనాల్సినది, అడక్కుండా కలపాల్సినది కాదు. మేము వద్దన్నాం. చివరి మొత్తం 1,01,650. మొదటి కాగితానికీ దీనికీ తేడా 8,550 రూపాయలు. అమ్మ ఎన్ని జాకెట్లు కుడితే అంత వస్తుందో లెక్కేసుకుంటే నాకు కాళ్ళలో వణుకు వచ్చింది.

అయితే ఇదంతా ఒక్క రోజులో జరగలేదు. మొదటి రోజు లోను దగ్గరే ఆగిపోయింది. షోరూంలోనే మూలన చిన్న బల్ల వేసుకుని ఫైనాన్స్ వాళ్ళు కూర్చుంటారు. “60 వేలకు 10 శాతమే వడ్డీ. మూడేళ్ళు. నెలకు 2,167. టీ ఖర్చు అంత లేదు” అన్నాడు ఆ మనిషి. నేను క్యాలిక్యులేటర్ తీశాను. ఏడాదికి ఆరు వేలు, మూడేళ్ళకు 18 వేలు. లెక్క సరిగ్గానే ఉంది అనుకున్నాను. అమ్మకు ఇంగ్లీషు రాదు, క్యాలిక్యులేటర్ వాడదు. కానీ స్త్రీశక్తి సంఘంలో పుస్తకం రాసే మనిషి. ఆమె అడిగింది: “నెలనెలా అసలు గూడా కట్టుకుంటా వస్తాంటే, కట్టేసిన దానికి గూడా వడ్డీ ఏంటికి నాయనా?”

ఆ బల్ల దగ్గర ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

అమ్మ అడిగింది ఎంత పెద్ద ప్రశ్నో నాకు తర్వాత అర్థమైంది. మొత్తం 60 వేల మీద మూడేళ్ళూ వడ్డీ వేసేదాన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. మిగిలిన అసలు మీదే వేసేదాన్ని తగ్గే వడ్డీ అంటారు. ఫ్లాట్‌లో 10 శాతం అంటే తగ్గే లెక్కలో దగ్గర దగ్గర 18 శాతం. చెవికి పది, చేతికి పద్దెనిమిది! మేము తర్వాత ఒక బ్యాంకులో 11 శాతం తగ్గే వడ్డీకి అదే 60 వేలు తీసుకున్నాం. నెలకు 1,964. మూడేళ్ళలో ఏడు వేల మూడు వందల పైన తేడా. పదకొండు కన్నా పది తక్కువని ఒకటో తరగతిలో నేర్చుకున్నాం. షోరూంలో అది కూడా నిజం కాకపోవచ్చు.

ఇంకొక సంగతి మన డిపార్టుమెంటు వాళ్ళందరికీ తెలియాలి. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఒక ఆదేశం ఇచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇట్లాంటి లోన్లకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ముందుగా ఇవ్వాలి. అసలు వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. అది అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఉండాలి. అంటే ఆండర్సన్‌పేటలో బట్టలు కుట్టే తెలుగు మనిషి “ఇది తెలుగులో ఇవ్వండి” అని అడిగితే, ఆమె దయ అడిగినట్టు కాదు. మాతృభాష గురించి ఫిబ్రవరి 21న మనం ఉపన్యాసాలు వింటాం. ఆ భాష అప్పుకాగితం మీద కూడా ఉండాలని అడిగేవాళ్ళం ఎంతమందిమి?

మొదటి రోజు ఆ బల్ల దగ్గరి నుంచి లేచి వచ్చేస్తుంటే సేల్స్ అబ్బాయి వెంటబడ్డాడు. “అమ్మా, ఈ రోజు కట్టకపోతే ఆయుధపూజకు బండి రాదు. తర్వాత నన్ను అనొద్దండి.” ఆ మాట నాయనకు తగిలింది. నిమ్మకాయలు తొక్కించి, పసుపు కుంకుమ పెట్టి, వీధిలో అందరి బండ్ల పక్కన మన బండి నిలబెట్టాలని ఆయనకు ఎన్నాళ్ళ ఆశో. దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికొచ్చినాక ఒక్క మాట అన్నాడు: “పది మంది ముందర లెక్కలడిగి పరువు తీస్తిరి. మంచి వస్తువు కొనేకి పోయి పైసా పైసాకు కొట్లాడతారా ఎవరన్నా?”

నాకు ఏడుపొచ్చింది. అమ్మ అన్నం పెడుతూ మెల్లగా చెప్పింది: “పండగ ఏడాదికొకసారి వస్తాది. కంతు నెలనెలా వస్తాది.”

నాయన మాట నేను తేలిగ్గా తీసిపారేయడం లేదు. మన ఇళ్ళల్లో చాలామంది పెద్దలు అట్లాగే అనుకుంటారు. ఏసీ గది, టై కట్టుకున్న మనిషి, “సార్” అనే పిలుపు. ఆ మర్యాదకు బదులుగా మనం ప్రశ్నలు మింగేస్తాం. అడిగితే డబ్బు లేనివాళ్ళమని అనుకుంటారేమో అని భయం. కానీ ఒక్కటి ఆలోచించండి. మాది బంగారం ఊరు. వందేళ్ళకు పైగా భూమి లోపలి నుంచి బంగారం తీసిన ఊరు. మా ఊళ్ళో ఎంత బీద ఇల్లాలైనా బంగారం అంగడికి పోతే ఏం చేస్తుంది? తూకం చూపించమంటుంది. రాయి బరువు తీసేయమంటుంది. తరుగు ఎంత, మజూరీ ఎంత అని వేరువేరుగా అడుగుతుంది. హాల్‌మార్కు గుర్తు చూస్తుంది. అంగడాయన కోప్పడడు, ఆమె పరువూ పోదు. అడక్కపోతేనే తెలివి లేనిదంటారు. అరగ్రాము కమ్మలకు అడిగే ప్రశ్నలు లక్ష రూపాయల బండికి అడిగితే పరువు ఎట్లా పోతుంది? నాయనకు ఇదే చెప్పాను. ఆయన నవ్వలేదు గానీ, రెండో రోజు షోరూంకి తనే ముందు బయలుదేరాడు. ఈసారి ఆ అబ్బాయి “సార్” అని కాగితం చాపితే, “ఆమెకు ఇయ్యప్పా” అని అమ్మను చూపించాడు.

ఇంతవరకు చదివి సేల్స్ వాళ్ళంతా మోసగాళ్ళని నేను రాశాననుకుంటే పొరపాటు. రెండో రోజు ఆ షోరూంలో బిల్లింగ్ దగ్గర మన కాలేజీలో చదివి పోయిన ఒక అక్క కనిపించింది. నన్ను గుర్తుపట్టి పక్కకు పిలిచింది. ఆమె చెప్పింది విన్నాక నా కోపం సగం చల్లారింది. చేతికొచ్చే జీతం తక్కువ. మిగిలిందంతా ఇన్సెంటివ్. బండి అమ్మితే వచ్చేది కొంచెమే. ఇన్సూరెన్స్ అక్కడే చేయిస్తే కొంత, లోను అక్కడే ఇప్పిస్తే కొంత, యాక్సెసరీస్ కిట్టు కట్టిస్తే కొంత. నెలాఖరుకు టార్గెట్టు రాకపోతే అందరి ముందు మాటలు పడాలి. “మమ్మల్ని తిట్టి పోతారు. తిట్టొద్దు, కాగితం అడగండి. మీరు అడిగితే ‘కస్టమర్ ఒప్పుకోలేదు’ అని మేం పైన చెప్పుకోవచ్చు. అడక్కపోతే తగిలించక తప్పదు” అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు. నరసాపురలో 2013 నుంచి హోండా ఫ్యాక్టరీ టూవీలర్లు తయారు చేస్తోంది (మేము కొన్నది ఆ కంపెనీది కాదు). అంటే బండ్లు తయారయ్యే జిల్లా మనది. చేసేవాళ్ళు మనవాళ్ళే, అమ్మేవాళ్ళు మనవాళ్ళే, కొనేవాళ్ళమూ మనమే. రేపు డిగ్రీ అయినాక మనలో కొందరం ఆ బిల్లింగ్ బల్ల వెనక కూర్చుంటాం. అప్పుడు ఎదురుగా మన అమ్మలాంటి మనిషి కూర్చుని “98 వేలే కదా?” అని నమ్మకంగా అడుగుతుంది. ఆ రోజు మనం ఏం చెప్తాం? “యోచన చేయొద్దండి” అంటామా, “ఇదిగో, విడదీసి చెప్తా వినండి” అంటామా?

నా అభిప్రాయం ఇదీ. మాటకు విలువ లేదని నేను అనను. మాట మీదే బతికిన ఊళ్ళు మనవి. కానీ నోటితో చెప్పిన ధర, చేత్తో రాసిన ధర ఒకటే అయినప్పుడే ఆ మాటకు విలువ. అందుకని బండి కొనేవాళ్ళు రంగు చూడకముందే ధర కాగితం అడగండి, వేరువేరు వరుసల్లో. దాన్ని ఇంటికి తీసుకుపోయి చదవండి. తప్పనిసరి ఏది, ఇష్టమైతే తీసుకునేది ఏది అని పక్కన రాయించుకోండి. లోను అయితే నెల కంతు కాదు, మొత్తం కట్టేదెంత, తగ్గే వడ్డీ ఎంత అని అడగండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. రిజిస్ట్రేషన్, కనీసం తాత్కాలికమైనది, లేకుండా బండి బయటికి తేవద్దు. ఇన్ని చేసినా అన్యాయం జరిగితే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌లో మనమే ఫిర్యాదు వేసుకోవచ్చు, లాయరు ఉండి తీరాలని లేదు. అయిదు లక్షల లోపు కొనుగోళ్ళకు ఫీజు కూడా లేదు.

మా బండి ఆయుధపూజకు రాలేదు. బ్యాంకు పని ముగిసి, పండగ పోయిన పది రోజులకు వచ్చింది. ఇప్పుడు దాని మీద కేఏ 08 నంబరు ఉంది, ఆర్‌సీలో అమ్మ పేరు ఉంది. పొద్దున చీకట్లోనే నేను నాయనను స్టేషన్‌లో దింపుతాను. అమ్మ ఇంకా నేర్చుకుంటానే ఉంది, మైదానంలో రెండు సార్లు పడింది. చీర మాత్రం చక్రంలో చిక్కలేదు.